ఇంగ్లీషు కఠిన పదాలు - మన ఇంటి తాళపుచెవులు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకొనేవాళ్ళము తెలుగులో ప్రసంగించడమేమిటి, అదీ ఇంగ్లీషు గురించి ప్రసంగించడమేమిటి అని కొందరికి నవ్వు రావచ్చును. కార్యదర్శి సాబ్ పట్టుబట్టినారు. సంచికలో అచ్చు వేస్తే పదిమందీ చదవాలంటే తెలుగే మేలన్నారు. నిజమే. ఖానాపూర్‌లో మనం ఇంట్లో ఉర్దూ మాట్లాడుతాము, బజారులో తెలుగు మాట్లాడుతాము, దరఖాస్తు మాత్రం ఇంగ్లీషులో పెట్టుకుంటాము. మూడు భాషల మధ్య బతుకుతున్నవాళ్ళము. మా తెలుగులో తప్పులుంటే పెద్దలు మన్నించాలి, పిల్లలు నవ్వుకోవచ్చు.

ముందుగా మా తప్పు ఒకటి ఈ సభలో చెప్పుకుంటాము. ఇన్నేండ్లు ఎవరికీ చెప్పలేదు.

సుమారు ఇరవై ఏండ్ల కిందటి మాట. మాకు ఉద్యోగం వచ్చిన కొత్త. వీధిలో గౌరవం ఎక్కువ, చదువు తక్కువ. ఒకనాడు మగ్రిబ్ తరువాత టైలరు పని చేసే ఒక సోదరుడు మా ఇంటికి ఒక కాగితం పట్టుకొని వచ్చినాడు. గల్ఫ్‌కు పోయే కాగితం. ముప్ఫై వేలు అడ్వాన్సు కట్టినాడు. "సార్, ఒక్కసారి చదివి చెప్పండి, ఏమన్న తిరకాసు వున్నదా" అని అడిగినాడు. చదివినాము. అడ్వాన్సు అన్న మాట తెలిసింది, తేదీ తెలిసింది, పాస్‌పోర్టు తెలిసింది. చివరి వరుసలో ఒక మాట వున్నది - ఫర్‌ఫిట్. నిర్ణయించిన తేదీలోగా బయలుదేరకపోతే కట్టిన సొమ్ము ఫర్‌ఫిట్ అగును అని. ఆ మాట మేము ఎన్నడూ చూడలేదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. సార్ అని పిలిచినవాడి ముందు తెలియదని యెట్లా అంటాము? చివర 'ఫిట్' కనిపించింది గదా, "మెడికల్‌లో ఫిట్ వస్తే చాలు భాయి, నీ పైకము ఎక్కడికీ పోదు" అని చెప్పినాము.

అతని తల్లికి జబ్బు చేసింది. మూడు వారాలు ఆగినాడు. మా మాట నమ్మి ఆగినాడు. డబ్బు పోయింది. తరువాత వచ్చి మమ్ములను తిట్టలేదు. "మీ తప్పేమున్నది సార్, వాళ్ళు అట్లా రాసుకున్నారు" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ వారమే నిర్మల్ పోయి ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువు కొన్నాము. ఇంటికి వచ్చేదాకా ఆగలేక బస్సులోనే ఫర్‌ఫిట్ వెతికినాము. 'జబ్త్ హోనా' అని వున్నది. జబ్త్! తెలుగులో జప్తు. శిస్తు కట్టని రైతు ఎడ్లను జప్తు చేసినారు అని ఊరంతా అనే మాట. బడికి పోని ముసలమ్మకు కూడ తెలిసిన మాట. మేము ఆ కాగితం చదివి "తేదీ దాటితే నీ డబ్బు జప్తు" అని వుంటే, అతను అప్పోసప్పో చేసి తల్లిని ఎవరికైనా అప్పగించి పోయేవాడో, లేక ముందే వెళ్ళి గడువు అడిగేవాడో, ఏదో ఒకటి చేసుకునేవాడు. అర్థం మా ఇంట్లోనే, మా నోట్లోనే వున్నది. తాళం మాత్రం ఇంగ్లీషుది. చెవి మా జేబులో వుండీ వెతుక్కోలేదు.

అందుచేత కఠిన పదాలు నేర్చుకోవడం అంటే పెండ్లిలో నలుగురి ముందు గొప్పగా మాట్లాడడానికి అని మేము అనుకోము. అట్లా అనుకునేవాళ్ళు కొందరున్నారు, వాళ్ళ సంగతి వదిలేద్దాం. ఆసుపత్రి కాగితం, బ్యాంకు కాగితం, బీమా కాగితం, వీసా కాగితం - వీటిలోని ప్రాణం ఎప్పుడూ ఒకటి రెండు కఠిన పదాల్లోనే దాగి వుంటుంది.

ఇక ఎన్ని మాటలు రావాలి అన్న ప్రశ్న. మన ఉపఖండంలోనే ఢాకాలో పనిచేసిన మైకేల్ వెస్ట్ అనే ఉపాధ్యాయ శిక్షకుడు, ఇంగ్లీషు నేర్చుకొనేవారికి ముందుగా కావలసిన సుమారు 2000 మాటల పట్టికను 1953లో ప్రకటించినాడు. ఆ రెండు వేలు వస్తే మామూలు రాతలో వందకు ఇంచుమించు ఎనభై మాటలు తెలిసిపోతాయి. చాలా అనిపిస్తుంది. కాని అయిదింటిలో ఒక మాట తెలియకుండా కాగితం చదవడం అంటే ఏమిటో పైన చెప్పినాము. న్యూజీలాండ్ ఆచార్యుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టి, వార్తాపత్రికనో నవలనో ఎవరి సాయమూ లేకుండా చదవాలంటే ఎనిమిది తొమ్మిది వేల పదకుటుంబాలు తెలియాలన్నాడు. కుటుంబం అంటే తల్లి మాట, దాని పిల్లలు కలిపి ఒకటే లెక్క.

ఎనిమిది వేలు అనగానే పిల్లలు బెదిరిపోతారు. మేమూ బెదిరినాము. కాని ఆ 'కుటుంబం' అన్న మాటలోనే ఉపాయం వున్నది. అది మన ఉర్దూ పిల్లలకు పుట్టుకతో వచ్చిన ఉపాయం.

ఉర్దూలో కితాబ్ అంటే పుస్తకం. రాసేవాడు కాతిబ్. చదువుకొనే చోటు మక్తబ్. ఉత్తరం మక్తూబ్. గ్రంథాలయం కుతుబ్‌ఖానా. కాఫ్, తే, బే - ఈ మూడు అక్షరాలు ఎక్కడ కనిపించినా అక్కడ రాత సంగతి వున్నదని మూడో తరగతి పిల్లవాడు కూడ పసిగడతాడు. అరబ్బీ నుండి వచ్చిన పద్ధతి ఇది. ఇంగ్లీషులోనూ ఇట్లాంటిదే వున్నది, అది లాటిన్ నుండి, గ్రీకు నుండి వచ్చింది. 'స్క్రిప్ట్' అంటే రాత. డాక్టరు ముందుగా రాసిచ్చేది ప్రిస్క్రిప్షన్. చేతితో రాసినది మాన్యుస్క్రిప్ట్. రాతి మీద చెక్కినది ఇన్‌స్క్రిప్షన్. కాగితం కింద పేరు రాయడం సబ్‌స్క్రైబ్ - చందా కట్టేవాడు పూర్వం అట్లా కింద సంతకం పెట్టేవాడు. పేర్లు పట్టీలో రాసి జనాన్ని సైన్యంలోకి లాక్కోవడం కన్‌స్క్రిప్షన్. ఒక తల్లికి అయిదుగురు పిల్లలు. ఇల్లు తెలిసిపోయినాక పిల్లలను గుర్తుపట్టడం ఏమంత కష్టం?

తెలుగు పిల్లలకూ ఈ విద్య వున్నది. ఆహారం, విహారం, సంహారం, పరిహారం - మూలం ఒకటే, ముందు చేరిన చిన్నముక్క అర్థాన్ని తిప్పేస్తుంది. చెప్పేవాళ్ళు చెప్పాలి, అంతే.

ఇప్పుడు మాకు బాగా ఇష్టమైన కుటుంబం ఒకటి చెప్తాము. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

నజర్ అంటే చూపు. దాని నుండి మంజర్, అనగా దృశ్యం. కచ్చేరీలో నాజరు. ఒక విషయాన్ని చూసే తీరు నజరియా. ఎదురెదురుగా కూర్చొని వాదించుకోవడం మునాజరా. పెద్ద అధికారి చూసి సరేనన్నది మంజూర్ - మన రైతులు 'లోను మంజూరైంది' అంటారే, అది 'చూపు' నుండి పుట్టిన మాట అని ఎంతమందికి తెలుసు? ఇంకా ఇంతెజార్, అనగా ఎదురుచూడడం. (నజరానా ఈ ఇంటిది కాదు. తెలుగులో రాస్తే రెండూ ఒక్కలాగే వుంటాయి గాని ఉర్దూలో నజర్‌కు జోయ్, నజరానాకు జాల్. మా పిల్లలు పరీక్షలో ఇక్కడే పడిపోతారు.)

ఇంగ్లీషులో చూపుకు 'స్పెక్ట్'. లోపలికి చూసేవాడు ఇన్‌స్పెక్టర్. కండ్లద్దాలు స్పెక్టకిల్స్. కింది నుండి దొంగచూపు చూడడం సస్పెక్ట్, అనుమానం. పెద్దవాడు దాటిపోయినాక మళ్ళీ తిరిగి చూడడం రెస్పెక్ట్. ముందు ఏమున్నదో చూపేది ప్రాస్పెక్టస్. వెనుకకు చూసేది రెట్రాస్పెక్టివ్. చుట్టూ నాలుగు వైపులా చూసుకొని అడుగు వేసేవాడు సర్కమ్‌స్పెక్ట్. ఈ చివరి మాట చాలా కఠినమని పోటీ పరీక్షల పుస్తకాల్లో వేస్తారు. అదేమి కఠినం? తెలుగులో 'పరి' అంటే చుట్టూ, 'ఈక్ష' అంటే చూపు, రెండూ కలిస్తే పరీక్ష. అదే కట్టుబడి, అదే ఇటుక. సమీక్ష, నిరీక్షణ, ఉపేక్ష అన్నీ ఆ ఈక్ష పిల్లలే.

ఇక్కడ ఒక చిత్రం గమనించండి. ఇంగ్లీషులో ఎదురుచూడడానికి ఎక్స్‌పెక్ట్ అంటారు. అందులో వున్నది కూడ స్పెక్టే, బయటికి చూడడం. ఉర్దూలో ఇంతెజార్, నజర్ నుండి. సంస్కృతం నుండి మనం తెచ్చుకున్న నిరీక్షణలో ఈక్ష. అచ్చ తెలుగులో ఎదురుచూపు, చూపు అందులో బాహాటంగానే వున్నది. ఏ దేశంలోనైనా మనిషి రావలసినవాడి కోసం గుమ్మంలో నిలబడి దారి చూసినాడు. సౌదీలో కొడుకు వున్న తల్లిని అడగండి, ఎదురుచూడడం కండ్లతో చేసే పనో కాదో చెప్తుంది. ఈ సంగతి ఒకసారి మనసుకు పట్టినాక ఎక్స్‌పెక్ట్ అన్న మాట ఎవరైనా మరిచిపోతారా? మేము తరగతిలో ఇది చెప్పిన రోజున వెనుక బెంచీలో వుండే పిల్లవాడు - వాడు ఎప్పుడూ కిటికీలో నుండి చూస్తుంటాడు - "సార్, అయితే నేను ఎక్స్‌పెక్ట్ చేస్తున్నాను, లాంగ్ బెల్లు కోసం" అన్నాడు. మార్కులు వేయవలసిన జవాబే.

మళ్ళీ ఫర్‌ఫిట్ దగ్గరికి వస్తాము. ఆ 'ఫిట్' మెడికల్ ఫిట్ కాదు. లాటిన్‌లో 'చేయు' అనే మాట అరిగి అరిగి అట్లా మిగిలింది. మంచి చేయునది బెనిఫిట్. మంచి చేసేవాడు బెనిఫాక్టర్. మంచి పొందేవాడు బెనిఫిషియరీ - ఈ మాట మన దగ్గర గడ్డం నెరసిన తాతలకు కూడ వచ్చు, పించను పట్టీ పుణ్యమా అని. అసలును పోలినట్టు ఎదురు చేసినది కౌంటర్‌ఫిట్, నకిలీ నోటు. హద్దు బయట చేసిన పని, అనగా తప్పు, దానికి పడిన దండన ఫర్‌ఫిట్. ఉర్దూ వ్యాకరణంలో ఫేల్, ఫాయిల్, మఫూల్ అని క్రియను, కర్తను, కర్మను మనం ఒకే మూలం నుండి చెప్తాము గదా, అట్లాంటిదే. మాకు అప్పుడు ఈ సంగతి తెలిసి వుంటే ఆ 'ఫిట్' చూసి మోసపోయేవాళ్ళము కాము.

ఇంగ్లీషు రాతలో పలకని అక్షరాలు ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. 'సైన్' అనే మాటలో జీ అక్షరం పలకదు. అయినా ఎందుకున్నది? సిగ్నేచర్, సిగ్నల్ దాని చెల్లెండ్లని చెప్పడానికి. అక్కడ జీ పలుకుతుంది. మనకు జోయ్, జాల్ పలుకులో ఒక్కటే అయినా రాతలో వేరుగా నిలుపుకున్నది ఎందుకో, ఇదీ అందుకే. రాత వంశవృక్షం వంటిది.

ఇంగ్లీషు అనగానే పరాయి సొమ్మని భయపడేవారికి ఇంకొక మాట. అందులో మన సొమ్ము చాలా వున్నది. 1886లో హెన్రీ యూల్, బర్నెల్ అనే ఇద్దరు దొరలు 'హాబ్సన్-జాబ్సన్' అని పెద్ద నిఘంటువు వేసినారు, నిండా ఇంగ్లీషువాళ్ళు మన దేశంలోనూ తూర్పు దేశాల్లోనూ ఎరువు తెచ్చుకున్న మాటలే. మన అడవిలోని టేకునే చూడండి. ఇంగ్లీషులో టీక్. దక్షిణ దేశపు భాషల నుండి పోర్చుగీసువారి నోటి మీదుగా పోయింది. మన ఖానాపూర్ మండలంలో గోదావరి మీద సదర్మాట్ వున్నది, దాన్ని ఇంగ్లీషు కాగితాల్లో ఆనికట్ అని రాస్తారు. అది మన ఆనకట్టే, తమిళుల దగ్గర విని రాసుకున్నారు. పొలంలో వడ్లు తినే పందికొక్కు ఇంగ్లీషులో బాండికూట్ అయింది. ఇది మాత్రం అచ్చంగా తెలుగువారి దానం! ఇంకేమీ ఇవ్వలేదా అని అడగకండి. దుమ్ము రంగుకు ఖాకీ, ఖాక్ నుండి. పాయ్ అంటే కాలు, జామా అంటే బట్ట, అది పైజామా. దోపిడీకి లూట్. మౌసమ్ నుండి మాన్సూన్.

అరబ్బీ నుండి పోయినవి ఇంకా దూరం పోయినాయి. బాగ్దాదులో తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన లెక్కల గ్రంథం పేరులోని 'అల్ జబ్ర్' ఆల్జీబ్రా అయింది, ఆయన పేరే ఆల్గరిథమ్ అయింది. కంప్యూటర్ కోర్సులో చేరిన మన పిల్లలు రోజూ ఆయన పేరు తలుస్తున్నారన్న మాట, తెలియకుండానే. మా తరగతిలో సున్నను సిఫర్ అంటాము. ఆ సిఫర్ నుండే ఇంగ్లీషులో రెండు మాటలు పుట్టినాయి, సైఫర్ ఒకటి, జీరో ఒకటి. వస్తువులు దాచే మఖ్జన్ మ్యాగజైన్ అయింది, ముందు తూటాల కొట్టు, తరువాత కథల కొట్టు. కంటికి పెట్టుకొనే సుర్మా పొడిని అరబ్బీలో కుహ్ల్ అంటారు, అల్ కుహ్ల్. అది రసవాదుల చేతిలో పడి, మెత్తని పొడి నుండి సారం తీసిన ద్రవానికి మారి, చివరికి ఏ మాటగా తేలిందో ఈ సభలో పలకడం బాగుండదు. పెద్దలు ఊహించుకోగలరు.

ఇదంతా మేము కనిపెట్టినది కాదు. పెద్దవాళ్ళు ఏనాడో దారి వేసినారు. సి.పి. బ్రౌన్ దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వెలువడింది. ఆయన అంతటితో ఆగక, తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, పారసీ మాటలకు వేరుగా ఒక మిశ్రభాషా నిఘంటువు వేసినాడు. జిల్లా, వకీలు, రసీదు, బాకీ, హాజరు - ఇవన్నీ తెలుగువాడు తన మాటలే అనుకుంటాడు, అనుకోవాలి కూడ. హైదరాబాదులో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, మరుసటి ఏడు 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం తెరిచి, వైద్యం, ఇంజనీరింగు దాకా ఉర్దూలో చెప్పినారు. వేల కొద్దీ శాస్త్రపదాలకు మాటలు కట్టినారు. కాని గమనించవలసింది, అక్కడ కూడ ఇంగ్లీషును విడువలేదు. భాషగా అందరూ చదువవలసిందే. ఆ తర్జుమా సంస్థను మొదట నడిపిన మౌల్వీ అబ్దుల్ హక్ గారే 1937లో పెద్ద ఇంగ్లీషు-ఉర్దూ నిఘంటువు వెలువరించినారు. ఉర్దూ కోసం జీవితం ధారపోసినందుకు బాబా-ఏ-ఉర్దూ అని పిలిపించుకున్న మనిషి, ఇంగ్లీషు మాటల వెంట ఏండ్ల తరబడి తిరిగినాడు. ఒక భాష మీద ప్రేమ వుంటే రెండోదాన్ని తిట్టాలని ఆయనకు తోచలేదు.

ఇప్పుడు కాలం మారింది. 2016 నుండి రాష్ట్రంలో మైనారిటీ గురుకులాలు ఇంగ్లీషు మాధ్యమంలో నడుస్తున్నాయి. 2022-23 నుండి ప్రభుత్వ బడుల్లో కూడ ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. తల్లిదండ్రులు సంతోషించినారు, మేమూ కాదనము. మా పిల్లలూ ఇంగ్లీషులోనే చదివినారు, దాచడమెందుకు? కాని ఒకటి చూసి మా గుండె కలుక్కుమంటున్నది. పిల్లవాడు 'ఫోటోసింథసిస్ ఈజ్ ద ప్రాసెస్' అని గడగడ చదువుతాడు. అంటే ఏమిటిరా అంటే మళ్ళీ అదే చదువుతాడు. ఉర్దూలో చెప్పమంటే రాదు, తెలుగులో చెప్పమంటే రాదు. మాట వచ్చింది గాని అర్థం రాలేదు. 'ఫోటో' అంటే వెలుగు, 'సింథసిస్' అంటే కూర్చడం, వెలుగుతో ఆకు అన్నం వండుకుంటున్నదని ఒక్కసారి ఇంటి భాషలో చెప్తే వాడికి జీవితాంతం గుర్తుంటుంది. అది చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. సిలబస్ అయిపోవాలి.

మరి నేర్చుకోవడమెట్లా? జర్మనీలో ఎబింగ్‌హౌస్ అనే పండితుడు అర్థం లేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి, తానే ఎంత మరిచిపోతున్నాడో లెక్క వేసుకొని 1885లో గ్రంథం రాసినాడు. ఒక్క రోజు గడిచేసరికి ఇంచుమించు మూడింట రెండు వంతులు పోయిందట. పండితుడికే అట్లా అయితే ఖానాపూర్ పిల్లవాడిని మరిచిపోయినావని కొట్టడం న్యాయమా? (మేమూ ఒకప్పుడు కొట్టినవాళ్ళమే.) అయితే ఆయన ఇంకొకటి కూడ చూసినాడు. ఒకేసారి కూర్చొని రుద్దేదానికన్నా, రోజుల మీద పంచి తిరగవేస్తే తక్కువ శ్రమతో నిలుస్తుంది. అందుకని మా తరగతిలో ఒక కాపీ పెట్టించినాము. రోజుకు అయిదు మాటలు. ఆరో మాట రాస్తే మేమే కొట్టివేస్తాము. మాటకు ఎదురుగా ఉర్దూ అర్థం, పక్కన తెలుగు అర్థం, కింద ఒక వాక్యం. మరునాడు ఒకసారి, మూడోనాడు ఒకసారి, వారానికి, నెలకు తిరిగి చూడాలి. రోజుకు అయిదు, ఏడాదికి 300 రోజులు వేసుకుంటే 1500. ఆరు నుండి పదో తరగతి దాకా అయిదేండ్లలో 7500. సగం మరిచిపోయినా నష్టం లేదు, మిగిలిన సగం ఎవరూ జప్తు చేయలేరు.

వాక్యం మాత్రం గైడు పుస్తకం నుండి ఎత్తి రాయకూడదు. తన ఇంట్లో కండ్లారా చూసినదే రాయాలి. ఈ షరతు పెట్టినాక కాపీలు చదవడం మాకు పండుగ అయింది. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, తల్లి బీడీలు చేస్తుంది. మెటిక్యులస్ అన్న మాట ఇచ్చినాము, అతి జాగ్రత్తగా చిన్న చిన్న వాటిని కూడ వదలకుండా పనిచేసేవారు అని. ఆ అమ్మాయి రాసింది: మా అమ్మీ తునికాకు కత్తిరించేటప్పుడు మెటిక్యులస్, మా అన్నయ్య చదివేటప్పుడు కాదు. ఇంకొకసారి రిజెక్ట్ ఇచ్చినాము. 'రీ' అంటే తిరిగి, 'జెక్ట్' అంటే విసరడం, తిరిగి విసిరివేయడం. సూదితో లోపలికి విసిరితే ఇంజెక్షన్, ముందుకు విసిరితే ప్రొజెక్టర్ అని చెప్తున్నాము. ఆ అమ్మాయి లేచి, "సార్, కార్ఖానాలో మా అమ్మీ బీడీలు కొన్ని బాగా లేవని తీసి పడేస్తారు. నిజంగనే విసిరేస్తారు సార్" అన్నది. తరగతి నిశ్శబ్దమైంది. మేము నల్లబల్ల వైపు తిరిగి తారీఖు దిద్దుకున్నాము.

కొన్ని మాటలు మోసం చేస్తాయి, వాటి సంగతి చెప్పకపోతే మా ఉపాయం సగమే. మూలం తెలిసిందని ప్రతిచోటా దూకరాదు. అవుట్‌స్టాండింగ్ అంటే మేటి అని పిల్లలు నేర్చుకుంటారు, ప్రోగ్రెస్ కార్డు మీద చూసి. కరెంటు బిల్లు మీద కూడ అదే మాట వుంటే? అక్కడ బకాయి అని అర్థం. ఒక పిల్లవాడు తండ్రికి "మనది అవుట్‌స్టాండింగ్ అని రాసినారు అబ్బా" అని సంబరంగా చెప్పినాడట. సాంక్షన్ ఇంకా తిక్కది. లోను సాంక్షన్ అయితే మంజూరు, దేశం మీద సాంక్షన్ పెడితే ఆంక్ష. ఒకే మాట, ఒక చేత్తో ఇస్తుంది, ఇంకొక చేత్తో గుంజుకుంటుంది. మరి కొన్ని మాటలు మన దగ్గరికి వచ్చి వేషం మార్చినాయి. ఫంక్షన్ అంటే మనకు పెండ్లి భోజనం. లెక్కల సారు ఫంక్షన్ అంటే పిల్లలు బిర్యానీ అనుకుంటే వాళ్ళ తప్పా?

కాబట్టి నిఘంటువు చూడడం తప్పదు. ఇంట్లో సెల్‌ఫోన్ వున్నది గదా, అందులో దొరకదా అంటారు. దొరుకుతుంది. మేమూ చూస్తాము. కాని ఫోన్ ఒక అర్థం చూపి ఊరుకుంటుంది, పిల్లవాడు దాని వెంటే ఇంకొకచోటికి పోతాడు. పుస్తకంలో ఆ మాట పైనా కిందా వున్న చుట్టాలందరూ కనిపిస్తారు. పైగా ఇంటికి వున్న ఒక్క ఫోన్ అబ్బా జేబులోనో అన్న చేతిలోనో వుంటుంది, ఆడపిల్ల చేతికి వచ్చేసరికి ఛార్జింగ్ అయిపోతుంది. ఇది మేము కల్పించి చెప్తున్నది కాదు, పర్దా అవతల నవ్వులు వినిపిస్తున్నాయి.

అందుకే సొసైటీవారికి ఒక మనవి. ఏటా మంచి మార్కులు వచ్చినవారికి షీల్డులు ఇస్తున్నారు. మంచిదే, ఫోటో బాగా వస్తుంది. మా ఇంట్లో కూడ రెండు షీల్డులున్నాయి, ఒకదానికి బొమ్మ విరిగింది. ఈ ఏడు షీల్డుకు బదులు నిఘంటువు ఇవ్వండి. ఒకటి ఇంగ్లీషు-ఉర్దూ, ఒకటి ఇంగ్లీషు-తెలుగు. మొదటి మార్కు వచ్చినవారికే కాదు, ఒక్కొక్క గల్లీకి ఒక జత. ఎవరింట్లో పెట్టాలంటే, బీడీల గంప చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూర్చునే ఇంట్లో పెట్టండి. పిల్లలు వస్తూ పోతూ వుంటారు, పుస్తకం కదులుతుంది. ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తే మాత్రం మా ప్రసంగం వృథా.

రెండో మనవి కాదు, మా వంతు పని. వచ్చే ఆదివారం నుండి జొహర్ తరువాత అసర్ దాకా ఈ సొసైటీ గదిలో మేము కూర్చుంటాము. మాతో పదో తరగతి పిల్లలు ఆరుగురు కూర్చుంటారు, ముగ్గురు అబ్బాయిలు, ముగ్గురు అమ్మాయిలు. ఎవరి దగ్గర ఏ ఇంగ్లీషు కాగితం వున్నా తీసుకొని రండి. వీసా, బ్యాంకు, ఆసుపత్రి, బీమా, కరెంటు బిల్లు, ఏదైనా సరే. హిందూ సోదరులు కూడ తప్పక రావాలి, అర్థం తెలుగులో చెప్తాము. పిల్లలు చదువుతారు, మేము పక్కన వుంటాము. తెలియని మాట వస్తే తెలియదనే చెప్తాము, నిఘంటువు తెరిచి మీ ముందే వెతుకుతాము. డబ్బు వ్యవహారం అయితే అర్థం చెప్పి, సంతకం పెట్టే ముందు వకీలును కూడ అడగమని చెప్తాము.

మేము మొదట చెప్పిన టైలరు సోదరుడు ఈ సభలోనే వున్నారు. తరువాత వేరే దారిన గల్ఫ్‌కు పోయి పదకొండేండ్లు చేసి వచ్చినారు. ఆయన కొడుకు ఇప్పుడు ఆ ఆరుగురిలో ఒకడు. పోయిన నెల వాడి కాపీలో ఫర్‌ఫిట్ అన్న మాట కనిపించింది. మేము ఇచ్చిన మాట కాదు, వాడే తెచ్చుకున్నాడు. కింద వాక్యం రాయలేదు, ఖాళీ వదిలినాడు. మేము దిద్దలేదు.

వచ్చేవాళ్ళు అసలు కాగితం ఇంట్లో పెట్టి జిరాక్సు తీసుకొని రండి. కండ్లద్దాలు మరిచిపోకండి. ఖుదా హాఫిజ్.